పరుపు మధ్యలో

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజున షావుకారు చేతిలో ఉన్నవి ఇవి: పనిచేసే ఎడమ చెయ్యి, మెడకు తగిలించిన పట్టీలో వేలాడే కుడి చెయ్యి, నలభై రెండు రాత్రుల గడువు, సొంత దుకాణంలో కుట్టిన పరుపు, దాని మీద ఎలా పడుకోమన్నా పడుకోగలనన్న ధీమా. వీటిలో ధీమా మొదటి రాత్రి సగం గడవకముందే ఖర్చయిపోయింది.

దుకాణంలో అటక మీద నుంచి మడిచిన పరుపు ఒంటి చేత్తో దించబోతే కుడి భుజంలో కండ తెగింది. డాక్టరు దాన్ని లాగి ఎముకకు పట్టించి కుట్టాడు. ఇంటికి పంపేటప్పుడు మందుల గురించి రెండు ముక్కలు చెప్పి, పడక గురించి మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకుని మరీ చెప్పాడు.

"ఆరు వారాలు వెల్లకిలా పడుకోవాలి. కుడివైపు తిరిగితే ఒళ్ళంతా భుజం మీద పడుతుంది. ఎడమవైపు తిరిగితే ఈ చెయ్యి ముందుకు జారి కుట్టును లాగుతుంది. పదో రోజు వచ్చి చూపించండి. అప్పటికి నిలిస్తే నిలిచినట్టే."

"ఒకవేళ ఊడితే మళ్ళీ కుట్టరా డాక్టరుగారూ?"

"మీరు పరుపుల వాళ్ళు. కుట్టు ఊడిన చోటే మళ్ళీ సూది దించితే గుడ్డ ఎంతకాలం ఆగుతుందో మీకు నేను చెప్పాలా?"

షావుకారు ఇంక బేరమాడలేదు. దుకాణంలో తక్కెడ పట్టేదీ, పరుపు చుట్టి మోకాలితో అదిమి తాడు బిగించేదీ, బండి మీదికి ఎత్తేదీ ఆ చెయ్యే. అది పైకి లేవకపోతే అతను గల్లా దగ్గర కూర్చుని ఇంకొకరికి పనులు చెప్పే మనిషి అయిపోతాడు. అలా కూర్చున్నవాళ్ళ దుకాణాలు ఏమయ్యాయో ఆ వీధిలోనే నాలుగైదు చూశాడు.

అతను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ వెల్లకిలా నిద్రపోలేదు. మంచం అంచున, కుడివైపుకి, మోకాళ్ళు ముడుచుకుని, చెంప కింద పిడికిలి పెట్టుకుని పడుకుంటాడు. భార్య గోడవైపు తిరిగి పడుకుంటుంది. పెళ్ళయిన నాటి నుంచీ ఎవరి అంచు వాళ్ళది. ఆ రోజు ఆమె నేల మీద చాప పరుచుకుంది.

"నిద్రలో నా మోచెయ్యి తగిలి కుట్టు ఊడిందంటే జన్మంతా సాధిస్తారు. ఆ మంచం మొత్తం మీదే. మధ్యలో పడుకోండి, రాజాలాగా."

తువ్వాలు నాలుగు మడతలు పెట్టి అతని కుడి మోచేతి కింద ఉంచింది. దీపం ఆర్పింది. షావుకారు పైకప్పు వైపు ముఖం పెట్టి పడుకున్నాడు. చేతులు ఎక్కడున్నాయో, కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కొలతకు పరిచిన గుడ్డలా ఉన్నాననిపించింది. ఎంతసేపటికో కన్ను మూతపడింది. మళ్ళీ తెరిచేసరికి భార్య అరచెయ్యి అతని కుడి భుజాన్ని ఆపి పట్టుకుని ఉంది.

"తిరుగుతున్నారు."

"నేను తిరగలేదు."

"అయితే గోడ తిరిగిందేమో. సర్దుకోండి."

రెండో రాత్రి ఇంట్లో ఉన్న రెండు బాలీసులూ చెరోవైపు పెట్టించుకున్నాడు. భార్య కాసేపు నిలబడి చూసింది. "సరుకు కట్టినట్టే ఉంది. పైన చిరునామా రాసేస్తే బండెక్కించెయ్యొచ్చు" అంది. తెల్లారేసరికి అతను కుడివైపు బాలీసును కౌగిలించుకుని ఉన్నాడు. భుజం సలుపుతోంది.

*

మూడో రోజు దుకాణానికి వెళ్ళాడు. కూర్చోవడానికి కాదు. సూదక్కతో పని ఉండి వెళ్ళాడు. సూదక్క అతనికంటే ఎనిమిదేళ్ళు పెద్దది. ఆ దుకాణంలో ప్రతి పరుపూ ఆమె సూది కిందుగా బయటికి పోవలసిందే. జానెడు పొడుగు సూది, మైనం రాసిన దారం, బొటనవేలికి తోలు ముక్క. పరుపు మీదెక్కి కూర్చుని కుడుతుంది, దిగి నడిచేటప్పుడు మాత్రం రెండు మోకాళ్ళనూ తిట్టుకుంటుంది.

అతను బనీను ఒకటి ఆమె ముందు పెట్టాడు. "కుడిపక్కన, చంక కింద, పనికిరాని దూది గట్టిగా ఉండ చుట్టి కుట్టక్కా. నిద్రలో తిరగబోతే గుచ్చుకోవాలి."

"నిద్ర పట్టడానికి పరుపులమ్ముతాం. మెలకువ రావడానికి ఇదొకటి మొదలుపెట్టామా?" అంటూనే ఆమె సూదికి దారం ఎక్కించింది.

అప్పుడే గుమ్మంలో డ్రైవరు నిలబడ్డాడు. ఉద్యోగం విరమించిన బస్సు డ్రైవరు. వెన్నుపూస జారినప్పటి నుంచి వెల్లకిలా తప్ప పడుకోలేని మనిషి. ఆ సంగతి చెప్పి మరీ కొత్త పరుపు కుట్టించుకున్నాడు. దాని గురించి రావడం ఇది మూడోసారి. ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, మెట్టు చూసుకుంటూ లోపలికి వచ్చాడు.

"షావుకారుగారూ, అదే మాట. పరుపు మధ్యలో గొయ్యి పడుతోంది. లేవాలంటే మంచం పట్టుకుని పైకి పాకాల్సొస్తోంది."

దుకాణంలో భార్యాభర్తలు ఇద్దరు పరుపులు చూస్తున్నారు. షావుకారు వాళ్ళ వైపు ఒక చూపు వేసి, బల్ల మీద పరిచి ఉన్న పరుపు అంచును ఎడమ పిడికిలితో గుద్దాడు. దొప్పుమని మోగింది.

"ఏదీ, మీరే నొక్కండి."

డ్రైవరు నొక్కాడు.

"ఎలా ఉంది?"

"గట్టిగానే ఉంది."

"మీదీ ఇదే దూది. ఇదే చెయ్యి కుట్టింది." షావుకారు బేరానికి వచ్చిన ఇద్దరి వైపు తిరిగాడు. "ముప్పై ఏళ్ళు బస్సు సీట్లో కూర్చున్న నడుమండీ. సీటు దిగి వచ్చారు గానీ, సీటులో గుంట ఆయన వెంటే ఇంటికొచ్చింది."

ఆ ఇద్దరూ నవ్వారు. షావుకారూ నవ్వాడు. నవ్వితే భుజం లాగి, సగంలో ఆపాడు. డ్రైవరు నవ్వలేదు. పరుపు అంచును ఇంకోసారి వేళ్ళతో తడిమాడు.

"చేత్తో నొక్కితే గట్టిగానే ఉంటుందండీ. నేను చేత్తో పడుకోను కదా" అన్నాడు. మెట్టు చూసుకుంటూ దిగి వెళ్ళిపోయాడు.

సూదక్క తలెత్తలేదు. దారం పంటితో కొరికి, బనీను మడిచి ఇచ్చింది.

ఆ రాత్రి ఉండ తన పని తాను చేసింది. తిరగబోయినప్పుడల్లా పక్కటెముకల్లో పొడిచింది. పదకొండుసార్లు లేచాడు. అన్నీ కలిపితే గంటన్నర నిద్ర. ఒక్కో విడతకు ఎనిమిది నిమిషాలు. ఇంత చిల్లర నిద్రతో ఎవరూ బతకలేరని లెక్క తేల్చుకున్నాడు. పైగా పదకొండులో ఎన్నిసార్లు పూర్తిగా తిరిగాక లేచాడో తెలియదు. పొద్దున్నకి భుజం ఉబ్బింది. భార్య ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు వేళ్ళతో నెమ్మదిగా తడిమి చూశాడు.

"ఇంకా ఊడలేదు. ఇంకోసారి ఇలా వాస్తే మాత్రం విప్పి చూడాల్సిందే."

"ఆయన మాట వింటారు డాక్టరుగారూ, ఒళ్ళే వినడం లేదు" అంది భార్య.

*

నాలుగో రాత్రి షావుకారు నిద్రపోవాలని పడుకోలేదు. సరుకులో లోపం ఎక్కడుందో తెలియనప్పుడు దాన్ని ముందు పెట్టుకుని కూర్చుని చూస్తాడు. ఆ రాత్రి తననే సరుకుగా పెట్టుకున్నాడు. వెల్లకిలా పడుకుని, కళ్ళు తెరిచి, ఒంట్లో ముందుగా కదిలేది ఏదో కనిపెట్టడానికి కాపలా కాశాడు.

చాలాసేపు ఏదీ కదల్లేదు. తరువాత నడుం కింద సన్నగా పోటు మొదలైంది. పిరుదులు కిందికి దిగుతున్నాయి. మడమలూ భుజాలూ పైనే ఉన్నాయి. పోటు తప్పించుకోవడానికి కుడి మోకాలు తనంతట తాను ముడుచుకుంది. మోకాలి వెనక తుంటి వచ్చింది. తుంటి వెనక భుజం రాబోయింది. అక్కడ ఆపాడు. మళ్ళీ మొదటి నుంచి పడుకున్నాడు. మళ్ళీ అదే వరస: నడుం, మోకాలు, తుంటి, భుజం. తిరుగుతున్నది తన అలవాటు కాదు. నడుం పారిపోతోంది.

ఎడమ చేతి మీద లేచి కూర్చుని దీపం వేశాడు. దుప్పటి లాగేసి, అంచును గుద్దాడు. రాయి. జానెడు లోపల గుద్దాడు. రాయే. మధ్యలో గుద్దాడు. పిడికిలి మణికట్టు దాకా దిగింది.

భార్య చాప మీద నుంచి తలెత్తింది. "ఈ వేళప్పుడు ఎవరికి అమ్ముతున్నారు?"

"మధ్యలో ఏమీ లేదే ఇందులో."

"ఆ సంగతి ఇప్పుడు తెలిసిందా?"

"నీకు తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది? ఈ ఇంట్లో పరుపు మధ్యలో ఎవరు పడుకున్నారండీ? నాకు గోడ, మీకు అంచు. మధ్యలో ఉతికిన బట్టలు మడతపెట్టేదాకా పడేస్తాను. అవెప్పుడూ నడుం నొప్పనలేదు."

షావుకారు నవ్వలేదు. చెయ్యి ఇంకా ఆ గుంటలోనే ఉంది. కొనేవాళ్ళు అంచు నొక్కి చూస్తారు, చెయ్యి జానెడు దాటి లోపలికి పోదు, అంచు గట్టిగా ఉంటే పరుపు గట్టిదంటారు. ఆ వీధిలో పరుపులమ్మే వాళ్ళందరికీ తెలిసిన పని ఇది. అతనికి పని నేర్పినవాళ్ళు అలాగే చెప్పారు, అతనూ అలాగే చెప్పాడు. పదహారు కిలోల పరుపులో పది కిలోలు అంచులకూ మూలలకూ కూరాలి. తక్కినది మధ్యలోకి. తూకంలో ఎవరికీ ఒక్క గ్రాము తక్కువ చెయ్యలేదు. తూకం సరిపోతే న్యాయం సరిపోయినట్టేనని ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

నేను చేత్తో పడుకోను కదా అన్నాడు డ్రైవరు. ఒక్కడే ఉండే మనిషి. ఒంటరిగా పడుకునేవాడు మధ్యలోనే పడుకుంటాడు. వెల్లకిలా పడుకునేవాడు ఆ గుంటలోకే దిగుతాడు. తను నాలుగు రాత్రులకే ఇలా అయిపోయాడు. ఆయన పరుపు తీసుకెళ్ళి రెండు నెలలు.

తెల్లారే దాకా కుర్చీలో కూర్చున్నాడు.

*

ఐదో రోజు పొద్దున్న దుకాణం తలుపు తీయించి, బల్ల మీది పరుపు ఎక్కి మధ్యలో వెల్లకిలా పడుకున్నాడు. నడుం దిగేదాకా ఆగాడు. దిగి, రెండోదాని మీద పడుకున్నాడు. తరువాత మూడోది. సూదక్క చేతిలో దారం పట్టుకుని చూస్తోంది.

"ఏం షావుకారూ, ఇంట్లోంచి తరిమేశారా?"

"అక్కా, వీటన్నిటికీ మధ్యలో గొయ్యి ఉంది."

"ఉంటుంది. అంచులకు బిగువు పెట్టమన్నది మీరే కదా."

"నీకు తెలుసా ఇది?"

"నేను కుట్టేది మధ్యలో కూర్చుని. మీరు నిలబడేది అంచు దగ్గర. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

"మరి చెప్పలేదే?"

"చెప్పాను. నువ్వు కాస్త ఒళ్ళు తగ్గించుకో అక్కా, గొయ్యి అదే పోతుందన్నారు. బాగుందని నేనూ నవ్వాను." ఆమె దారానికి మైనం రుద్దింది. "మొన్న డ్రైవరుగారిని అన్నప్పుడు మాత్రం నవ్వు రాలేదు."

షావుకారు పరుపు మీద కూర్చునే ఉన్నాడు. పట్టీలో చెయ్యి బరువుగా ఉంది. ఎడమ చేత్తో మధ్యలో అదిమి చూశాడు.

"గొయ్యి పడకుండా కుట్టాలంటే ఎలా?"

"సంచి నోట్లోంచి కర్రతో కూరితే ఎప్పుడూ మూలలకే పోతుంది దూది. గుడ్డ నేల మీద పరిచి, ముందు మధ్యలో వేసుకుని, పొరలు పొరలుగా అంచులకు రావాలి. పైన గుడ్డ కప్పి నాలుగువైపులా కుట్టాలి. ఒక్కదానికి మూడు రోజులు పడుతుంది. ఇప్పుడు రోజుకొకటి అవుతోంది."

"అవ్వనీ."

"అంచు మెత్తబడుతుంది. కొనేవాళ్ళు నొక్కి, పక్క షాపుకి పోతారు."

"పోనీ అక్కా. పరుచు."

ఆరు, ఏడు, ఎనిమిది రోజుల్లో ఒక్క పరుపు తయారైంది. మిషను మీద కొత్తగా ఏకించిన దూది. షావుకారు ఎడమ చేత్తో పట్టినంత తెచ్చి పోశాడు. ఆ చేతికి పట్టు తెలియక సగం దారిలోనే రాలింది. సూదక్క మోకాళ్ళ మీద కూర్చుని మొదటి పొర నిలువుగా, రెండోది అడ్డంగా, మూడోది నిలువుగా వేసింది. మధ్యకే తొమ్మిది కిలోలు పట్టింది. ప్రతి పొరనూ సన్నటి బెత్తంతో కొట్టి సమం చేసింది. దూది ధూళి లేచి ఇద్దరి కనుబొమ్మలూ తెల్లబడ్డాయి.

"ఇప్పుడు మీరు నాకంటే పెద్దవాళ్ళలా ఉన్నారు" అంది ఆమె.

"నిద్ర లేకపోతే అంతే అక్కా."

ఆ రాత్రుళ్ళు అతను కుర్చీలోనే గడిపాడు. తల వాలడం, ఉలిక్కిపడి లేవడం. భుజం వాపు తగ్గింది గానీ మనిషి నడుస్తుంటే గుమ్మాలు తగులుతున్నాయి. ఎనిమిదో రోజు సాయంత్రం చివరి ముడి వేశాక సూదక్క పరుపు ఎక్కి మధ్యలో కూర్చుంది. అటూ ఇటూ ఊగి చూసింది. ఏమీ అనకుండా దిగింది. ఆమె ఏమీ అనకపోవడం షావుకారుకు మొదటిసారి ఇష్టమైంది.

"ఇంటికి తీసుకెళ్ళండి. ఈ రాత్రయినా పడుకుంటారు."

"ఇది నాది కాదు" అన్నాడు.

*

తొమ్మిదో రోజు పన్నెండు దాటాక తోపుడు బండి డ్రైవరు ఇంటి ముందు ఆగింది. ఒకే గది, ముందు చిన్న వరండా. గదిలో మంచం ఖాళీగా ఉంది. పాత పరుపు చుట్టి గోడకు నిలబెట్టి ఉంది. నేల మీద చాప, దాని మీద చిన్న దిండు. డ్రైవరు గుమ్మంలోకి వచ్చి, బండినీ షావుకారు పట్టీనీ చూశాడు.

"పొరపాటున వచ్చారేమో. నేను సీటు గుంట వెంట తెచ్చుకున్నవాణ్ణి."

"ఆ మాట అన్నది తప్పండీ. గుంట మీ నడుంలో లేదు. పరుపులోనే ఉంది. నేను పడుకుని చూశాను."

"నలుగురిలో అన్నారు. ఇక్కడ నలుగురు లేరే."

"షాపుకి రండి, అక్కడా అంటాను" అన్నాడు షావుకారు.

"మీరు అనడానికి నా నడుంతో మళ్ళీ మెట్లెక్కాలా?"

"వద్దండీ. మీరు రాకపోయినా అంటాను."

డ్రైవరు ఆ మాటను కాసేపు తూచి చూసి, పక్కకు జరిగాడు. బండి తోసేవాడు కొత్త పరుపు మంచం మీద పరిచి, పాతది బండెక్కించుకుని వెళ్ళిపోయాడు. షావుకారు అలవాటు కొద్దీ అంచు మీదికి పిడికిలి ఎత్తి, దించేసుకున్నాడు.

"పడుకుని చూడండి" అన్నాడు.

"ముందు మీరు పడుకోండి."

"నేనా?"

"బస్సు బాగైందని షెడ్డులో మెకానిక్కు అనేవాడండీ. అన్నవాణ్ణే తోలమనేవాణ్ణి నేను."

షావుకారు చెప్పులు విడిచి, జాగ్రత్తగా మంచం మీద కూర్చుని, ఎడమ చేతి మీద ఆనుకుంటూ వెనక్కి వాలాడు. మధ్యలో, వెల్లకిలా. డ్రైవరు అతని మోచెయ్యి వెనక్కి జారడం గమనించి, దండెం మీది తువ్వాలు లాగి మడిచి కింద పెట్టాడు. అది పెట్టాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నెలల తరబడి వెల్లకిలా పడుకున్నవాడికి ఎక్కడ ఏ ఆసరా కావాలో తెలుసు.

"కాళ్ళు బిగపట్టకండి. మోకాళ్ళ కింద ఈ దిండు పెట్టుకోండి. అదీ. మడమలు వదిలెయ్యండి. గాలి పొట్టలోకి పీల్చండి, రొమ్ములోకి కాదు. పైకప్పు చూడకండి, ఏమీ లేదక్కడ."

షావుకారు నడుం దిగేదాకా ఆగాడు. దిగలేదు. పోటు వస్తుందేమోనని చూశాడు. రాలేదు. మోకాలు ముడుచుకుంటుందేమోనని కాపలా కాశాడు. బాగుందండీ, ఇప్పుడు మీరు పడుకోండి అని చెప్పాలనుకున్నాడు. ఆ మాట నోటి దాకా వచ్చిందో లేదో అతనికి తెలియదు.

కళ్ళు తెరిచేసరికి గుమ్మంలో ఎండ వరండా దాటి వీధిలోకి వెళ్ళిపోయింది. డ్రైవరు మంచం పక్కన కుర్చీలో నిటారుగా కూర్చుని, కుడి చెయ్యి మంచం పట్టె మీద ఆనించి ఉన్నాడు. షావుకారు ముందు తన భుజం ఎటుందో చూసుకున్నాడు. పైకప్పు వైపే ఉంది.

"ఎంతసేపయింది?"

డ్రైవరు గడియారం వైపు చూడలేదు. ముందే చూసి పెట్టుకున్నట్టున్నాడు. "పన్నెండూ ఇరవైకి బయలుదేరారు. మూడున్నరకి చేరారు. మధ్యలో ఎక్కడా ఆగలేదు."

"తిరిగానా?"

"రెండుసార్లు తిరగబోయారు. చెయ్యి అడ్డం పెట్టాను. తువ్వాలు ఒకసారి జారింది, సర్దాను."

"మీ నడుంతో మూడు గంటలు కుర్చీలో కూర్చున్నారా?"

"ముప్పై ఏళ్ళు కూర్చున్నాను. ఇంకో మూడు గంటలకి ఏమవుతుంది?" డ్రైవరు పట్టె ఆసరాగా నెమ్మదిగా లేచాడు. "ఇంక దిగండి. నా వంతు."

*

పదో రోజు డాక్టరు భుజం నొక్కి చూసి, చెయ్యి కొద్దిగా ఎత్తించి దించి, కుట్టు నిలిచిందన్నాడు. షావుకారు అక్కడి నుంచి నేరుగా దుకాణానికి వెళ్ళాడు. లోపల ముగ్గురు బేరానికి వచ్చి ఉన్నారు. వాళ్ళలో ఒకాయన పిడికిలితో పరుపు అంచు గుద్దుతున్నాడు.

"చేత్తో నొక్కకండి. మీరు చేత్తో పడుకోరు కదా" అన్నాడు షావుకారు. "చెప్పులు విడిచి మధ్యలో పడుకుని చూడండి. ఈ మాట నాది కాదు. ఒక డ్రైవరుగారిది. మూడుసార్లు వచ్చి చెప్పారు. మూడుసార్లూ నేను వినలేదు. మూడోసారి ఇక్కడే, మీలాంటి వాళ్ళ ముందు, ఆయన్ని ఎగతాళి చేశాను."

గుద్దుతున్నాయన పిడికిలి విప్పి, పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, మెట్లు దిగిపోయాడు. ఇంకొకామె చెప్పులు విడిచింది.

సూదక్క సూదిలోకి దారం ఎక్కిస్తూ, "ఒకరు పోయారు, ఒకరు ఎక్కారు" అంది.

గొయ్యి పరుపులు తీసుకెళ్ళిన వాళ్ళలో ఇల్లు తెలిసినవాళ్ళు పదకొండు మంది తేలారు. వాళ్ళవన్నీ తెప్పించి, విప్పి మళ్ళీ కుట్టాలి. తన ఇంట్లో పరుపు పన్నెండోది. అప్పటిదాకా దాన్ని చుట్టి గోడకు నిలబెట్టాడు. ఆ రాత్రి భార్య చాప పక్కన ఇంకో చాప పరుచుకుని, మోకాళ్ళ కింద దిండు, మోచేతి కింద తువ్వాలు పెట్టుకుని, వెల్లకిలా పడుకున్నాడు.

"పది రోజులు అల్లాడి చివరికి నేల మీదికి వచ్చారా. ఏం మిగిలినట్టు?" అంది ఆమె.

అతను లెక్క వేశాడు. పోయినవి: చిల్లరతో సహా తొమ్మిది రాత్రుల నిద్ర, ఒక పరుపు, గుద్దితే దొప్పుమనే అంచు, నలుగురిని నవ్వించిన మాట. ఉన్నవి: కుట్టు నిలిచిన భుజం, ఇంకా ముప్పై మూడు రాత్రులు, విప్పవలసిన పన్నెండు పరుపులు.

"మూడు గంటల పది నిమిషాలు" అన్నాడు.

ఆమె ఇంకేదో అడిగింది. జవాబు రాకపోతే మోచేతి మీద లేచి చూసింది. అతని భుజం పైకప్పు వైపే ఉంది. మడమలు రెండూ వదిలేసి ఉన్నాయి.